ఆ పొడి ఎక్కడికి పోయింది?

ముప్ఫై, నలభై ఏళ్ల కిందట చేలో చల్లిన మందు ఇవాళ బోరు నీళ్లలో ఉందా? పాలలో ఉందా? చీనీకాయలో ఉందా? కంటికి కనిపించదు. ముక్కుకు తెలియదు. నాలుకకు అందదు. తేల్చి చెప్పగలిగేది ఒక్క ప్రయోగశాలే. అదీ... సరైన ప్రశ్న వేస్తేనే!

అనంతపురం నుంచి గుత్తి వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే గార్లదిన్నె వస్తుంది. ఎర్ర నేలలు, బుడ్డల చేలు, మధ్యమధ్యలో పచ్చగా చీనీ తోటలు, అరటి. పెనకచర్ల దగ్గరున్న మిడ్‌పెన్నార్ రిజర్వాయరుకు తుంగభద్ర నీళ్లు బాగా వచ్చిన ఏడాది కాలువ కింద వరి కూడా కనిపిస్తుంది. రాని ఏడాది బోరే దిక్కు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే వానను నమ్ముకున్న జిల్లా ఇది.

ఇలాంటి చోట నీళ్ల సంగతి అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా చెబుతారు. ఎన్ని అడుగుల్లో పడ్డాయి, ఎన్ని అంగుళాలు పోస్తోంది, ఉప్పనా, చప్పనా, పప్పు ఉడుకుతుందా... అన్నీ. ఫ్లోరైడ్ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పళ్ల మీద గారలు, వంగిపోయిన నడుములు చూసి నేర్చుకున్న పాఠం అది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును డాక్టర్లు 1937లోనే గుర్తించి రాశారు. ఇప్పుడు ఊళ్లో కొత్త బోరు వేస్తే శాంపిల్ సీసా పట్టుకుని ల్యాబుకు వెళ్లడం మామూలైపోయింది.

కానీ ఆ సీసా పట్టుకెళ్లినవాళ్లు సాధారణంగా అడగని ప్రశ్న ఒకటుంది. ‘ఈ నీళ్లలో పాత మందు ఏమైనా ఉందా?’

అందరి ఇంట్లోనూ ఉండేది

ఊళ్లో డెబ్భై దాటిన తాతనో, అవ్వనో కదిపితే ‘గమాక్సిన్ పొడి’ గుర్తుకొస్తుంది. చీమలకు అదే, చెదలకు అదే. గింజలు నిల్వచేసే చోట గోడల వారన అదే. బుడ్డల చేను మీద ఎర్ర గొంగళి పురుగు దండులా పడితే బీహెచ్‌సీ పొడి గుడ్డలో మూటగట్టి దులపడం ఆ తరం వాళ్లకు బాగా తెలిసిన పని. ఇళ్లకు మలేరియా వాళ్లు వచ్చి డీడీటీ కొట్టి, గోడ మీద తేదీ వేసి వెళ్లేవాళ్లు. కంది కాయతొలుచు పురుగుకు ఎండోసల్ఫాన్. చీనీకి మంగు పట్టిస్తే డైకోఫాల్. మనవాళ్లు వీటన్నిటికీ కలిపి పెట్టుకున్న పేరు ఒక్కటే... ‘మందు’. జబ్బు తగ్గించేదీ మందే, పురుగును చంపేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే! ఇంత చనువైన మాట ఉన్నప్పుడు భయం ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ రోజుల్లో భయపడాలని ఎవరూ చెప్పలేదు కూడా. 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డీడీటీ తయారుచేయడానికి కేంద్ర ప్రభుత్వమే హిందుస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ సంస్థను పెట్టింది. లక్షల ప్రాణాలు నిలబడ్డాయి. డీడీటీని తిట్టేముందు ఆ మాట చెప్పుకోకపోతే అన్యాయమే.

సమస్య వేరేచోట ఉంది. ఈ మందుల్లో చాలావాటికి ఒక స్వభావం ఉంది... చావవు. నిజానికి అదే వాటి గొప్పదనమని అమ్మారు. ఒకసారి చల్లితే నెలల తరబడి పనిచేస్తుందన్నారు. అణువులో క్లోరిన్ గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని సులువుగా విరగ్గొట్టలేవు. నీళ్లలో పెద్దగా కరగవు. కొవ్వులో మాత్రం హాయిగా కరుగుతాయి. కాబట్టి గడ్డి మీద పడ్డది పశువు కొవ్వులోకి, అక్కణ్నుంచి పాలలోకి, పాల నుంచి మనలోకి. ప్రతి మెట్టులోనూ కొంచెం కొంచెం పోగుపడుతూ వస్తుంది. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు వేరే రకం. అవి వెంటనే ప్రాణం తీయగలిగినంత విషం, కానీ కొన్ని రోజుల్లో, వారాల్లో విరిగిపోతాయి. ఇవి అలా కాదు. నిశ్శబ్దంగా కూర్చుంటాయి.

చల్లటి దేశాల నేలల్లో డీడీటీ సగానికి తగ్గాలంటే 2 నుంచి 15 ఏళ్లు పడుతుందని లెక్క. మన ఎండలకు అంతకంటే త్వరగా ఆవిరైపోతుంది. హమ్మయ్య అనుకోకండి! ఆవిరైంది అంటే మాయమైందని కాదు. గాలిలో ప్రయాణించి చల్లటి చోట మళ్లీ దిగుతుంది. జన్మలో ఏ పొలం ముఖమూ చూడని అంటార్కిటికా పెంగ్విన్ల కొవ్వులో డీడీటీ దొరికింది 1960ల్లోనే.

మన దగ్గర ఎంత ఉండేదో చెప్పే లెక్క ఒకటుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1993లో వెలువరించిన అధ్యయనంలో 12 రాష్ట్రాల నుంచి 2,205 ఆవు, గేదె పాల శాంపిళ్లు తీసి పరీక్షించారు. నూటికి 82 శాంపిళ్లలో డీడీటీ ఉంది. 37 శాతంలో అనుమతించిన పరిమితిని దాటి ఉంది. ఆ అధ్యయనం వెలువడేనాటికి వ్యవసాయంలో డీడీటీని నిషేధించి (1989) నాలుగేళ్లయింది.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా తలుపులు మూశారు. బీహెచ్‌సీ 1997 ఏప్రిల్ 1 నుంచి బంద్. దీర్ఘకాలం నిలిచే 12 రసాయనాల మీద 2001లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మనదేశం 2006లో దాన్ని ఆమోదించింది. ఎండోసల్ఫాన్‌ను 2011 మేలో సుప్రీంకోర్టు ఆపేసింది. డైకోఫాల్ 2019లో స్టాక్‌హోమ్ జాబితాకెక్కింది. దుకాణంలో ఆగిపోయింది సరే, మరి నేలలోకి వెళ్లిపోయింది?

రైలు మొత్తానికి తులం

2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి దగ్గరున్న జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు ఓ రైలు బయల్దేరింది. అందులో 980 టన్నుల అరటి. విదేశాలకు ఎగుమతి. అనంతపురం పండ్ల తోటలకు అదో పండగ. అదే ఏడాది సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి దక్షిణాదిలోనే తొలి కిసాన్ రైలు నడిచింది. బుడ్డలు ఎండినా పండ్లు బతికిస్తాయన్న ఆశతో ఇటువైపు మళ్లిన రైతులకు ఆ రైళ్లు చిన్న విషయాలు కావు.

అయితే పండు సముద్రం దాటాలంటే ల్యాబు దాటాలి. యూరప్ దేశాల్లో ఏదైనా పురుగుమందుకు ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే దానికి వర్తించే మామూలు పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంకె చూస్తే ఏమీ బోధపడదు కదా! ఇలా చూడండి. 980 టన్నుల అరటి మొత్తంలో... ఆ రైలంతటిలో... సమానంగా కలిసి ఉండాల్సిన మందు 10 గ్రాముల లోపే. తులం బంగారం కూడా కాదు. అంతకు మించితే సరుకు వెనక్కి రావచ్చు. మనం తొక్క తీసి తింటాం కాబట్టి ఫరవాలేదనుకోవడానికి కూడా లేదు. అక్కడ అరటినీ, నిమ్మజాతి పండ్లనూ తొక్కతో సహా పరీక్షిస్తారు.

2010లో మన ద్రాక్షకు ఇదే జరిగింది. తీగ అదుపులో ఉండటానికి వాడే క్లోర్‌మెక్వాట్ అనే మందు అవశేషాలు దొరికాయని యూరప్‌లో కంటెయినర్లకు కంటెయినర్లు ఆగిపోయాయి. ద్రాక్ష ఎగుమతికి ముందు తోట నంబరుతో సహా పరీక్ష జరిపించే ఏర్పాటు 2006 నుంచే ఉంది. మరి ఎలా జారిపోయింది? పరీక్షించాల్సిన మందుల జాబితాలో దాని పేరు లేకపోవడం వల్ల. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

కాలువలో మోటారు

ఇంతకీ రైలులో తులాన్ని పట్టుకునే యంత్రం ఎలా పనిచేస్తుంది?

ముందు పండునో, మట్టినో మెత్తగా చేసి, అందులోంచి 10, 15 గ్రాములు తీసుకుంటారు. ఎసిటోనైట్రైల్ అనే ద్రావకం పోసి బాగా గిలకొడతారు. మందు మొత్తం ద్రావకంలోకి దిగుతుంది. లవణాలు వేసి నీళ్లను విడగొట్టి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, పైతేట తీసుకుంటారు. 2003లో అమెరికాలో శాస్త్రవేత్తల బృందం రూపొందించిన ఈ పద్ధతిని ‘క్వెచర్స్’ అంటారు. అంతకుముందు లీటర్ల కొద్దీ ద్రావకాలు, రోజుల కొద్దీ పని. ఇప్పుడు ఓ పూటలో బోలెడు శాంపిళ్లు అయిపోతాయి. వంటింట్లో మజ్జిగ చిలికి వెన్న తీయడానికి ఇదేమంత దూరం కాదు.

ఆ తేటలో ఒక్క చుక్కను గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తారు. లోపల చుట్టలు చుట్టిన సన్నటి గొట్టం, పొడవు 30 మీటర్ల దాకా ఉంటుంది. వేడికి ఆవిరైన మందులన్నీ అందులో ప్రయాణిస్తాయి. జాతరకు వెళ్లిన జనాన్ని ఊహించుకోండి. కొందరు నేరుగా గుడి దగ్గరికి వెళ్లిపోతారు. కొందరు గాజుల కొట్టు దగ్గర ఆగుతారు. ఇంకొందరు ప్రతి కొట్టు దగ్గరా ఆగుతారు. అందరూ ఒకేసారి బయల్దేరినా చేరేది వేర్వేరు వేళల్లో. ఏ మందు ఎన్నో నిమిషంలో బయటికొస్తుందో ముందే తెలుసు కాబట్టి వచ్చిన వేళను బట్టి ‘ఇది ఫలానా’ అని అనుమానిస్తారు.

గొట్టం చివర కాపలాదారు ఉంటాడు. జేమ్స్ లవ్‌లాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1957లో తయారుచేసిన పరికరం అది. దాన్ని గార్లదిన్నె భాషలో చెప్పడం చాలా తేలిక. కాలువలో నీళ్లు సమంగా పారుతున్నాయి. పైన ఎవరో గుట్టుచప్పుడు కాకుండా మోటారు పెట్టి లాగారు. కింద మట్టం తగ్గింది. ఎంత తగ్గిందో కొలిస్తే ఎంత లాగారో తెలిసిపోతుంది! ఆ పరికరంలో పారేది నీళ్లు కాదు, ఎలక్ట్రాన్లు. మోటారు పెట్టేది క్లోరిన్. డీడీటీ, బీహెచ్‌సీ లాంటివి అటుగా వెళ్లగానే ఎలక్ట్రాన్లను లాగేసుకుంటాయి. కరెంటు తగ్గుతుంది. తెరమీద గీత కొండలా లేస్తుంది. రేచెల్ కార్సన్ 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకంతో డీడీటీ మీద ప్రపంచాన్ని మేల్కొలిపిన కాలానికి ఈ పరికరం ల్యాబుల్లోకి వస్తోంది. అవశేషాల వేట దానితోనే ఊపందుకుంది.

కానీ వేళను బట్టి గుర్తుపట్టడం అంటే నడకను బట్టి మనిషిని గుర్తుపట్టడమే. పొరపాటు పడొచ్చు. అందుకే మంచి ల్యాబులు ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ఖరారు చేసుకుంటాయి. అది అణువును ముక్కలు చేసి ముక్కముక్కనూ తూకం వేస్తుంది. ఏ అణువు ఎలా విరుగుతుందన్నది వేలిముద్ర లాంటిది.

ఇంకా చిత్రం ఏమిటంటే, ఈ యంత్రాలు మందు వయసు కూడా చెప్పగలవు. డీడీటీ పాతబడేకొద్దీ డీడీఈ అనే పదార్థంగా మారుతుంది. డీడీఈ ఎక్కువ, డీడీటీ తక్కువ ఉంటే... పాత పాపం. డీడీటీయే ఎక్కువుంటే... ఎవరో ఈమధ్యే వాడారు. మామూలు బీహెచ్‌సీలో ఆల్ఫా రకం 60-70 శాతం, గామా రకం 10-15 శాతం ఉంటాయి. గామా ఒక్కటే దొరికితే అది బీహెచ్‌సీ పొడి కాదు, శుద్ధిచేసిన లిండేన్ అన్నమాట.

మన చీనీ తోటలకు సంబంధించిన మెలిక ఒకటుంది. మంగు నల్లికి కొట్టే డైకోఫాల్‌ను డీడీటీ నుంచే తయారుచేస్తారు. పూర్తిగా శుద్ధి కాకపోతే అందులో కొంత డీడీటీ మిగిలిపోతుంది. కాబట్టి ‘నా తోటలో డీడీటీ ఎప్పుడూ వాడలేదు’ అని రైతు అంటే, యంత్రం ‘ఉంది’ అంటే... ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు! డీడీటీలోని రెండు రకాల నిష్పత్తి చూసి ఈ చిక్కు కూడా విప్పగలరు.

అడిగిందే చెబుతుంది

ఇంత తెలివైన యంత్రానికీ ఓ బలహీనత ఉంది. ఏం వెతకమంటే అదే వెతుకుతుంది. అది ఎంత పెద్ద విషయమో ఏలూరు చూపించింది.

2020 డిసెంబరు 5. ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో ఉన్నట్టుండి మనుషులు పడిపోవడం మొదలైంది. మూర్ఛ, వాంతులు, తల తిరగడం. పిల్లలు, పెద్దలు, అన్ని వయసులవాళ్లూ. కొద్దిరోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు. చాలామంది గంటల్లోనే కోలుకున్నారు. ఒకరు చనిపోయారు. కొవిడ్ కాలం కాబట్టి ముందు అదే అనుమానించారు, కాదని తేలింది. నీళ్లకు చేసే మామూలు పరీక్షల్లో కారణం దొరకలేదు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, నాగ్‌పూర్‌కు చెందిన నీరి... దేశంలోని పెద్ద ల్యాబులన్నీ దిగాయి. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ మొదట చెప్పింది. తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు ప్రభుత్వానికి నివేదించారు. అవి అంతమంది ఒంట్లోకి ఏ దారిన వెళ్లాయన్నది మాత్రం అప్పుడు తేలలేదు.

అంతమంది పడిపోయారు కాబట్టి అన్ని ల్యాబులు కదిలాయి. ఎవరూ పడిపోని ఊళ్లో, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా చేరే పదార్థం కోసం ఎవరు కదులుతారు?

కేరళలోని కాసరగోడ్ జిల్లా పడ్రే గ్రామం కథ ఇంకో రకం. ప్రభుత్వ జీడిమామిడి తోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. కింద ఊళ్లో పిల్లలకు అంతుపట్టని జబ్బులు. 2001లో ఢిల్లీకి చెందిన సీఎస్‌ఈ తన ల్యాబులో ఆ ఊరి నీళ్లు, మట్టి, పాలు, మనుషుల రక్తం పరీక్షించి ఎండోసల్ఫాన్ ఉందని చెప్పింది. తోటల యాజమాన్యం చేయించిన మరో పరీక్షలో రక్తంలో ఆనవాళ్లు లేవన్నారు. తర్వాత అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ బడి పిల్లల రక్తం చూసి ‘ఉంది’ అంది. ఒకే ఊరు, రెండు జవాబులు. సామాన్యుడు ఏది నమ్మాలి? అదే సీఎస్‌ఈ ల్యాబు 2003 ఆగస్టులో కూల్‌డ్రింకుల్లో లిండేన్, డీడీటీ, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ ఉన్నాయని బయటపెట్టినప్పుడు కంపెనీలు ల్యాబునే తప్పుపట్టాయి. పార్లమెంటు సంయుక్త సంఘం విచారించి 2004లో ఆ ఫలితాలు సరైనవేనని తేల్చింది.

మన పటాన్‌చెరు మరో ఉదాహరణ. అక్కడి మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధిచేసే ప్లాంటు దగ్గర, శుద్ధి అయిపోయి బయటికొస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పట్టుకెళ్లి పరీక్షించారు. అప్పటిదాకా అలాంటి నీటిలో కొలిచేవి వేరు. వాళ్లు అడిగిన ప్రశ్న వేరు... ‘ఇందులో మందుబిళ్లల మందు ఉందా?’ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రచురించారు. అది ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోలు అలా పోతోందని లెక్కగట్టారు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 90 వేలు! అదే నీరు, అదే కాలువ. ప్రశ్న మారింది, జవాబు మారింది.

సీసాకు ఒకటి, నీళ్లకు ఒకటి

గార్లదిన్నె రైతుకు అందుబాటులో ఏముంది? అనంతపురంలో వ్యవసాయశాఖ పురుగుమందుల పరీక్షా కేంద్రం ఉంది కదా అనుకుంటారు చాలామంది. కానీ ఆ కేంద్రం పని దుకాణంలో అమ్మే సీసాలో రాసినంత మందు నిజంగా ఉందా, నకిలీయా అని తేల్చడం. అదీ కావలసిందే. కానీ అది సీసాకు చేసే పరీక్ష. మన కంచంలోకి, గ్లాసులోకి వచ్చిన మిగులుకు చేసేది వేరు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో సాధారణంగా చూసేవి ఫ్లోరైడ్, నైట్రేట్, లవణాలు, కాఠిన్యం, సూక్ష్మజీవుల వంటివి. ‘తాగడానికి పనికొస్తాయి’ అని రిపోర్టు వచ్చిందంటే వాటి వరకూ పనికొస్తాయని. పురుగుమందుల సంగతి అందులో లేదు.

చట్టంలో లేదా అంటే ఉంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో డీడీటీ ఒక మైక్రోగ్రాము దాటకూడదు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 200 తెచ్చి వరసగా నిలబెడితే, అన్నిట్లో కలిపి ఒక గ్రాము. ఎండోసల్ఫాన్ 0.4, లిండేన్ 2. సీలు వేసి అమ్మే నీళ్లకు ఇంకా గట్టి నిబంధన. 2004 నుంచి ఏ ఒక్క మందూ లీటరుకు 0.1 మైక్రోగ్రాము మించకూడదు. అంటే 2 వేల ట్యాంకర్లకు ఒక గ్రాము. డబ్బిచ్చి సీసా కొనేవాడికి ఒక లెక్క, బోరు తిప్పుకునేవాడికి పదింతల సడలింపు. ఇదేం న్యాయమో రాసినవాళ్లే చెప్పాలి.

ఈ పరీక్షలు చేసే ల్యాబులు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లోనే ఉన్నాయి. ఖర్చు వేల రూపాయల్లో. ఒక్క రైతు కుటుంబం భరించడం కష్టం. అయితే ఒక్కో ఇంటికీ అవసరం లేదు. ఊరికి రెండు మూడు చోట్ల... పాత చీనీ తోట పక్కనున్న బోరు, ఒకప్పుడు మందు నిల్వచేసిన గోడౌను దగ్గర బావి, అందరూ తాగే పంచాయతీ బోరు... చూస్తే ఊరి సంగతి చాలావరకు తెలుస్తుంది. పంచాయతీ తీర్మానంతో అడగొచ్చు. కూరగాయలు, పండ్లు, పాలలో అవశేషాలను చూడటానికి కేంద్రం 2005-06 నుంచి దేశవ్యాప్తంగా ఓ పథకం నడిపింది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల ల్యాబులు అందులో పనిచేశాయి. కాబట్టి ఈ పని చేయగలిగినవాళ్లు మనకు లేక కాదు.

ల్యాబును ఎంచుకునేటప్పుడు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా అని మాత్రమే అడిగితే సరిపోదు. గుర్తింపు ల్యాబుకు గంపగుత్తగా ఇవ్వరు, ఒక్కో పరీక్షకు ఇస్తారు. మీకు కావలసిన పరీక్ష ఆ జాబితాలో ఉందో లేదో చూపించమనండి. రిపోర్టు వచ్చాక ‘దొరకలేదు’ అన్న మాట పక్కన చిన్న అంకె ఉంటుంది. అది ఆ యంత్రం చూడగలిగిన కనీస మొత్తం. పరిమితి 1 అయినప్పుడు 5 కంటే తక్కువ చూడలేని యంత్రం ‘దొరకలేదు’ అంటే ఆ కాగితం విలువ పల్లీల పొట్లానికి సరి.

పెనం మీది పూత

బీహెచ్‌సీ కథ పాతబడుతుంటే కొత్తది ఒకటి వచ్చి కూర్చుంది. అంటుకోని పెనాలు, తడవని బట్టలు, నూనె పీల్చని కాగితాలు, మంటలార్పే నురగ... వీటి తయారీలో వాడే ‘పీఫాస్’ అనే రసాయనాల కుటుంబం. వేల రకాలున్నాయి. క్లోరిన్ బదులు ఫ్లోరిన్. కార్బన్‌తో దాని ముడి ఇంకా బిగువు. డీడీటీకి చావు ఆలస్యం, దీనికి దాదాపు లేదు. ‘శాశ్వత రసాయనాలు’ అన్న పేరు ఊరికే రాలేదు. (మన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో దీన్ని కలపకండి. అది రాళ్లలోంచి సహజంగా వచ్చేది. ఇది ఫ్యాక్టరీలో పుట్టింది.) వీటిలో పీఫాస్‌ అనే కుటుంబపేరును దాదాపు అలాగే మోసే పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో, పీఎఫ్‌ఓఏను 2019లో స్టాక్‌హోమ్ జాబితాలో చేర్చారు. అమెరికా 2024 ఏప్రిల్‌లో తాగునీటిలో ఈ రెండింటికీ పెట్టిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. మన ట్యాంకర్ల లెక్కలో... 50 వేల ట్యాంకర్లకు ఒక గ్రాము!

అంత సన్నటి కొలతలో తేడా ల్యాబులోనే కాదు, శాంపిల్ పట్టేటప్పుడూ రావచ్చు. పాత పురుగుమందుల కోసమైతే గాజు సీసా కావాలి, ముదురు రంగుదైతే మంచిది. ప్లాస్టిక్ వాడితే మందు సీసా గోడకే అంటుకుపోతుంది. పీఫాస్ కోసమైతే అంతా తలకిందులు. ల్యాబువాళ్లిచ్చిన పాలీప్రొపిలీన్ సీసాయే వాడాలి. టెఫ్లాన్ ఏదీ దగ్గరికి రాకూడదు. వాన కోటు వేసుకుని కూడా పట్టకూడదు. కూల్‌డ్రింకు సీసా కడిగి తెచ్చినవాటిని ఏ పరీక్షకూ తీసుకోరు.

బోరైతే కాసేపు నీళ్లు వదిలేశాక పట్టాలి. పైపులో నిలవున్నవి కాదు, భూమిలోంచి వచ్చేవి కావాలి. ఐస్ పెట్టెలో పెట్టి త్వరగా చేర్చాలి. వారం దాటితే శాంపిల్ పనికిరానట్టే. మట్టి సంగతి రైతులకు కొత్త కాదు. భూసార పరీక్షకు తీసినట్టే పొలంలో వంకరటింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకు తేవాలి. మందు డబ్బాలు కడిగిన చోటు, స్ప్రేయర్ నింపే తొట్టి పక్కన తీస్తే మాత్రం పొలం లెక్క రాదు. ఆ ఒక్క చోటు లెక్కే వస్తుంది. కావాలంటే దాన్ని వేరే సంచిలో పెట్టి, వేరే పేరు రాసి ఇవ్వండి. నిజానికి తాగునీటి బావికి దగ్గరుంటే ముందు చూడాల్సింది అదే.

సీసాతో పాటు ల్యాబువాళ్లు ఓ కాగితం ఇస్తారు. పేరు, ఊరు, బోరు లోతు, ఇప్పుడున్న పంట. కింద ‘ఇతర వివరాలు’ అని నాలుగు గీతలుంటాయి. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ముందు కూర్చునేవాళ్లకు పనికొచ్చేది ఆ నాలుగు గీతలే. ఇంటికెళ్లి అవ్వనో, తాతనో అడిగి రాయండి. కంపెనీ పేర్లు, రసాయనాల పేర్లు తెలియకపోయినా ఇబ్బంది లేదు. ‘బుడ్డలకు తెల్ల పొడి, బీహెచ్‌సీ, కరువు ఏడాదికి ముందు వరకూ. చీనీకి మంగు మందు, పదేళ్లు’ అని రాసినా చాలు. ఏం వెతకాలో వాళ్లకు తెలుస్తుంది.